ఓక్‌మాంట్‌లో స్కోరు తేల్చేది కోర్సా, వానా?

పార్‌వతి

పిట్స్‌బర్గ్ శివార్లలోని ఓక్‌మాంట్‌లో 1927 నుంచి 2025 దాకా యూఎస్ ఓపెన్ గోల్ఫ్ పోటీ పదిసార్లు జరిగింది. ఇన్నిసార్లు ఇంకే కోర్సుకీ దక్కలేదు. 2034, 2042, 2049 కూడా అక్కడేనని పోటీ నడిపే అమెరికా గోల్ఫ్ సంఘం యూఎస్‌జీఏ ఇప్పుడే రాసిచ్చేసింది. అమెరికాలో అన్నిటికన్నా కష్టమైన కోర్సన్న పేరే దీనికి కారణం. నా పేచీ ఆ పేరుతోనే.

గెలిచిన స్కోర్లు చూడండి, నాలుగు రౌండ్లలో తక్కువ దెబ్బలు కొట్టినవాడిదే గెలుపు (పార్ అంటే నిర్ణయించిన దెబ్బల లెక్క, దానికి మించితే ఓవర్, తగ్గితే అండర్). 1927లో ఆర్మర్ 301, అంటే 13 ఓవర్. 1935లో శామ్ పార్క్స్ 299, ఆ వారం 300 లోపు వచ్చింది ఆయనొక్కడే. 1953లో హోగన్ 283, 1962లో నిక్లాస్ 283, 1973లో మిల్లర్ 279, 1983లో నెల్సన్ 280, 1994లో ఎల్స్ 279, 2007లో కాబ్రేరా 285 (5 ఓవర్), 2016లో డస్టిన్ జాన్సన్ 276 (4 అండర్), 2025లో స్పాన్ 279 (1 అండర్). రౌండు పార్ 72 నుంచి 71కీ, 2007 నాటికి 70కీ దిగింది, అది లెక్కలోకి తీసుకోండి. తడిసిన ఏడు ఒక రౌండులో 63 కొడతారు, ఎండిన ఏడు 5 ఓవర్‌కి కప్పు ఇస్తారు. ఈ పరీక్ష పేపరు కోర్సు రాయడం లేదు, మబ్బు రాస్తోంది.

మూడుపట్ల ముకుందం

ఆడలేక మద్దెల ఓడు అనడం విన్నాం. బాగా ఆడినవాడికి మద్దెల తడిసిందనడం ఇప్పుడే వింటున్నాం.

స్టింప్ శాస్త్రి

పార్‌వతి గారూ, మీరు రెండు వేర్వేరు సంగతుల్ని కలిపేస్తున్నారు. గ్రీన్ (హోల్ చుట్టూ పొట్టిగా కోసిన గడ్డి) వేగం ఒకటి, గట్టిదనం ఇంకోటి.

వేగం కొలిచే స్టింప్‌మీటర్ పుట్టిందే ఓక్‌మాంట్ వల్ల. 1935 ఓపెన్‌లో సారాజెన్ అనే ఆటగాడు కొట్టిన పట్ (గ్రీన్ మీద బంతిని దొర్లించే దెబ్బ) గ్రీన్ దాటి బంకర్‌లో, అంటే ఇసుక గుంటలో, పడటం చూసి ఎడ్వర్డ్ స్టింప్సన్ అది తయారుచేశాడు. ఇప్పుడు వాడేది 36 అంగుళాల లోహపు కమ్మి. కింది కొసకి 30 అంగుళాల పైన ఒక గాడి ఉంటుంది. బంతిని అందులో పెట్టి, సమంగా ఉన్నచోట కమ్మిని నెమ్మదిగా ఎత్తాలి. సుమారు 20 డిగ్రీలకి బంతి తనంతట తానే జారుతుంది, చెయ్యి విదిల్చకూడదు. మూడు బంతులు వదలాలి, అవి ఒకదానికొకటి 8 అంగుళాల లోపు ఆగాలి. ఆగినచోటు నుంచి వెనక్కి మరో మూడు. రెండు వైపుల సగటుల మధ్య తేడా 18 అంగుళాలు దాటితే అక్కడ వాలుందని అర్థం, ఇంకో చోటు చూసుకోవాలి. దాటకపోతే ఆ రెంటి సగటే మీ స్టింప్, అడుగుల్లో.

ఓపెన్ వారంలో ఓక్‌మాంట్ 14 చుట్టూ ఉంటుంది. మామూలు క్లబ్బు గ్రీన్ 10 అనుకోండి. 3 శాతం వాలులో కిందికి అదే ఊపుతో వదిలితే, లెక్క ప్రకారం, స్టింప్ 10 మీద బంతి 16 అడుగుల దగ్గర ఆగుతుంది. 14 మీద దాదాపు 30 అడుగులు పోతుంది. వాలు ఐదున్నర శాతం దాటితే 14 మీద ఇక ఆగదు. వేగం రెట్టింపు కాలేదు, కానీ శిక్ష రెట్టింపయింది. ఓక్‌మాంట్ కష్టమంతా ఈ గుణకారంలో ఉంది, అది వాలువల్ల వచ్చింది. వాలు కోర్సుదే, వానది కాదు.

వాన మార్చేది ముఖ్యంగా గట్టిదనాన్ని. 1, 10, 12 గ్రీన్లు వెనక్కి వాలి ఉంటాయి. నేల గట్టిగా ఉంటే బంతిని ముందే దింపి దొర్లించాలి. మెత్తబడితే నేరుగా జెండా మీదికే కొట్టొచ్చు, దిగినచోటే ఆగుతుంది. పట్ మాత్రం దాదాపు అంతే వేగంగా పోతుంది.

పార్‌వతి

నేనన్నదీ అదేగా! 1973 ఆఖరి రోజు 63 కొట్టిన మిల్లర్, ప్రతి హోల్‌లో పార్‌కి రెండు పట్లు మిగిలుండగానే 18 గ్రీన్లకి 18 అందుకున్నాడు. గట్టి గ్రీన్ల మీద అది జరిగే పనేనా?

ఇసుకగుంట

1973 గురించి సగమే చెబుతున్నారు. స్ప్రింక్లర్లు వదిలేశారన్న కథ ఒకటి, శనివారం పొద్దున వాన ఒకటి, రెండూ వాడుకలో ఉన్నవే. అయితే ఆ శనివారం, అవే మెత్తటి గ్రీన్ల మీద మిల్లర్ కొట్టింది 76. గజాల లెక్కల పుస్తకం బసలో మరిచిపోయి, సగం రౌండు అది లేకుండానే ఆడాడు. మరి ఆదివారం? నలుగురు ముందంజలో ఉన్నారు: పామర్, బోరోస్, ష్లీ, హర్డ్. మిల్లర్ వాళ్ళకి ఆరు వెనక. తొమ్మిది బర్డీలు (హోల్ పార్ కన్నా ఒకటి తక్కువ), ఒకే ఒక్క బోగీ (ఒకటి ఎక్కువ). ఆ బోగీ 8లో మూడు పట్లతో వచ్చింది, అంటే గ్రీన్లు మెత్తబడినా పట్ వేగం తగ్గలేదన్న శాస్త్రి గారి మాటకి సాక్ష్యం అదే. తడి అందరికీ ఒక్కటే. వాడ్కిన్స్ 65, నిక్లాస్ 68 కొట్టారు. ముందున్న నలుగురిలో ఎవరూ 63 దరిదాపులకి రాలేదు.

ఆ మరుసటి ఏడు వింగ్డ్ ఫుట్ కోర్సులో హేల్ ఇర్విన్ 7 ఓవర్‌తో గెలిచాడు. 63 మీద యూఎస్‌జీఏ కక్ష తీర్చుకుందని అప్పట్నుంచీ ఒక మాట. వాళ్ళు ఒప్పుకోరనుకోండి.

పార్‌వతి

1983 మాటేంటి? మధ్యలో తుఫాను వచ్చి ఆట సోమవారానికి పోయింది, నెల్సన్ చివరి 36 హోల్స్ 65, 67. 2016లో గురువారమే కుండపోత, గెలిచింది 4 అండర్. 2007లో గట్టి గ్రీన్లు, కాబ్రేరా 5 ఓవర్, వుడ్స్, ఫ్యూరిక్ ఒక స్ట్రోకు వెనక. వరస కనిపిస్తోంది కదా.

ఇసుకగుంట

వరస చెడగొట్టేవి రెండున్నాయి. 1994లో ఎండ మండిపోయింది, అయినా ఎల్స్, మాంట్‌గోమరీ, లోరెన్ రాబర్ట్స్ ముగ్గురూ 5 అండర్‌తో సమమై ప్లేఆఫ్‌కి వెళ్ళారు. 2025 ఆదివారం వాన దంచి గంటన్నర పైగా ఆట ఆగింది. మీ సూత్రం ప్రకారం స్కోర్లు దిగాలి. బర్న్స్ 78, ఆడమ్ స్కాట్ 79! స్పాన్ మొదటి ఆరు హోల్స్‌లో ఐదు బోగీలు చేసి, వాన తర్వాత చివరి తొమ్మిది హోల్స్‌ని 32లో ముగించాడు, 18లో 64 అడుగుల పట్‌తో. మొత్తం ఆటగాళ్ళలో పార్ కిందికి వచ్చింది ఆయనొక్కడే.

స్టింప్ శాస్త్రి

రెంటికీ కారణం చెప్పొచ్చు.

ఎండ: అక్కడి గ్రీన్ల గడ్డి పోవా అన్యువా. వేళ్ళు పైపైనే ఉంటాయి. కోత ఎత్తు అంగుళంలో పదో వంతు. మండుటెండలో నీళ్ళు చిలకరించకపోతే మధ్యాహ్నానికే వాడిపోతుంది. కాబట్టి మరీ ఎండ కాసిన వారంలో గ్రీన్‌ని పూర్తిగా బిగుసుకోనివ్వడం కుదరదు.

వాన: నీళ్ళు గ్రీన్‌లో ఉంటే మేలు, ఫెయిర్‌వేలో (గ్రీన్ దాకా కోసిన దారి), రఫ్‌లో (దాని పక్కన పెంచిన గడ్డి) ఉంటే కీడు. క్లబ్బు (కొట్టే కర్ర) ముఖానికీ బంతికీ మధ్య నీరు చేరితే ముఖం మీది గాళ్ళు బంతిని పట్టవు, స్పిన్ పోతుంది, బంతి ఎటు పోతుందో చెప్పలేం. 2025లో 15వ హోల్ ఫెయిర్‌వేలో బర్న్స్ అడిగింది ఇందుకే. బంతి కింద నీళ్ళున్నాయి, ఊరట ఇవ్వండన్నాడు. రిఫరీలు కాదన్నారు. డబుల్ బోగీ. ఐదంగుళాల రఫ్ తడిస్తే ఇంకా బరువు, క్లబ్బు మెడకి చుట్టుకుంటుంది. పెన్ హిల్స్ వేంకటేశ్వరస్వామి గుడి అక్కడికి కొద్ది మైళ్ళే, వెళ్ళినవాళ్ళు చూసే ఉంటారు, ఆ చుట్టుపక్కలంతా బంకమన్ను, నీరు తొందరగా ఇంకదు. ఓక్‌మాంట్‌లో అన్ని కాలవలు తవ్వడానికి కారణం అదే.

మూడుపట్ల ముకుందం

వేగం పిచ్చి గురించి ఎవరూ మాట్లాడరేం? 2016లో 5వ గ్రీన్ మీద జాన్సన్ పట్టర్ పక్కన పెట్టేసరికి బంతి వెంట్రుకవాసి కదిలింది. 12వ హోల్ దగ్గర రిఫరీలు 'జరిమానా పడొచ్చు, చూస్తాం' అన్నారు. మిగతా హోల్స్ ఆడినంతసేపూ తన స్కోరెంతో ఆయనకే తెలీదు. చివరికి ఒక స్ట్రోకు కలిపారు, మూడు తేడాతో గెలిచాడు కాబట్టి గొడవ సద్దుమణిగింది. 2019 నియమాల్లో గ్రీన్ మీద పొరపాటున కదిలిన బంతికి జరిమానా లేదు.

పార్‌వతి

సరే, వాన ఒక్కటే కాదు. అయినా వేగం, చెట్లు, ఇసుక అన్నీ మనిషి తిప్పే మీటలేగా! కోర్సు కట్టిన ఫౌన్స్ కాలంలో బరువైన పళ్ళ రేకులతో బంకర్లలో చాళ్ళు దున్నేవారు, తర్వాత మానేశారు. వేల చెట్లు నాటారు, 1990ల నుంచి వేలల్లో కొట్టేశారు, గాలీ ఎండా తగిలి గ్రీన్లు త్వరగా ఆరుతున్నాయి. ఏ ఓక్‌మాంట్‌ని ఏ ఓక్‌మాంట్‌తో పోలుస్తున్నాం?

ఇసుకగుంట

మారనిది చెప్పమంటే 8వ హోల్ చెబుతాను. పార్ 3, 2025 ఆఖరి రోజు 301 గజాలు. బంతిని గ్రీన్ ముందు దింపి దొర్లించమని కట్టిన హోల్ అది. తడిస్తే దొర్లదు, ముందే చతికిలబడుతుంది. అంటే మీ మబ్బు అక్కడ స్కోరు పెంచుతుంది, తగ్గించదు.

పార్‌వతి

8 ఒక్కటి మీకు. 1, 10, 12 నాకు. 2034లో ఆ మూడింటి సగటు, వానకి ముందు, తర్వాత, పక్కపక్కన పెట్టి చూద్దాం.