ఎఫ్ ప్రాసెసరుతో పాత కార్డు మేలా, గ్రాఫిక్స్ ఉన్న ప్రాసెసరు మేలా?

ప్రశ్న (విజయనగరం):
ఇంజనీరింగులో చేరుతున్న మా అమ్మాయి కోసం డెస్క్‌టాప్ కొనాలనుకుంటున్నాను. గంటస్తంభం దగ్గర ఒక దుకాణంలో ఇంటెల్ ఐ5-12400ఎఫ్ ప్రాసెసరు, 8 జీబీ ర్యామ్ స్టిక్ ఒకటి, వాడిన జీటీ 710 గ్రాఫిక్స్ కార్డు (మానిటరుకు బొమ్మను తయారుచేసి పంపే కార్డు) కలిపి ధర చెప్పారు. మదర్‌బోర్డుకే హెచ్‌డీఎంఐ ఉండగా మళ్లీ కార్డు దేనికి?

మొదటి జవాబు (శ్రీకాకుళం):
ఆ ప్రాసెసరుకు కార్డు తప్పనిసరి అండీ. పాత ఇంటెల్ బోర్డుల్లోని జీ31, జీ41 చిప్‌సెట్ల కాలంలో గ్రాఫిక్స్ బోర్డు మీది చిప్పులోనే ఉండేది. 2010లో ఇంటెల్ దానిని ప్రాసెసరు ప్యాకేజీలోకి మార్చి, మరుసటి ఏడు శాండీ బ్రిడ్జ్ అనే తరంతో ప్రాసెసరు చిప్పులోనే కలిపేసింది. పేరు చివర ఎఫ్ ఉన్న ప్రాసెసర్లలో గ్రాఫిక్స్ పనిచేయదు కాబట్టి బోర్డు మీది పోర్టులో ఏ బొమ్మా రాదు. ఎఫ్ రకం కొంత చవక. కార్డు ఎలాగూ ఉంటుంది కనుక దుకాణం వారు చెప్పినదే తీసుకోండి.

రెండవ జవాబు (విజయనగరం):
పోర్టు విషయం మీరు చెప్పింది నిజమే కానీ, ఈ సలహాను నేను గట్టిగా వ్యతిరేకిస్తున్నాను. డీడీఆర్3 అనే పాత రకం మెమరీ ఉన్న జీటీ 710లో మెమరీ వేగం సెకనుకు 14.4 జీబీ మాత్రమే. ఎఫ్ లేని 12400లోనే ఉండే గ్రాఫిక్స్ యూహెచ్‌డీ 730కి సొంత మెమరీ లేకపోయినా, డీడీఆర్4-3200 రకం ర్యామ్ స్టిక్కులు రెండు వేస్తే ప్రాసెసరుతో పంచుకునే ఆ ర్యామ్ వేగం సెకనుకు 51.2 జీబీ, ఒకటే వేస్తే అందులో సగం. అందుకే నా దృష్టిలో కార్డుకు పెట్టే డబ్బు రెండో స్టిక్కుకు పెట్టడం న్యాయం. పైగా యూట్యూబ్ పాఠాలు ఎక్కువగా వచ్చే వీపీ9, ఏవీ1 అనే కుదింపు పద్ధతుల వీడియోలను యూహెచ్‌డీ 730 స్వయంగా విప్పుతుంది, జీటీ 710కి ఆ శక్తి లేదు, భారమంతా ప్రాసెసరు మీద పడుతుంది. ఆ తరం కార్డులకు కొత్త గేమ్ డ్రైవర్లు కూడా 2021లోనే ఆగిపోయాయి.

మొదటి జవాబిచ్చినవారు:
బ్లెండర్ (3డీ బొమ్మల సాఫ్ట్‌వేర్), కుడా (CUDA, ఎన్విడియా కార్డులతో లెక్కలు చేయించే పద్ధతి) అవసరమయ్యే కోర్సైతే ప్రాసెసరులోని గ్రాఫిక్స్ ఏమాత్రం చాలదు కదా?

రెండవ జవాబిచ్చినవారు:
చాలదు, కానీ ఆ పనికి జీటీ 710 కూడా చాలదు. అవసరం తేలిన రోజున సరైన కార్డు కొని బోర్డులోని పొడవాటి స్లాటులో పెట్టుకోవచ్చు. అప్పుడు మానిటరు కేబులును కార్డుకే తగిలించాలి. ఆ కార్డు ఎప్పుడైనా చెడిపోతే, కేబులును తిరిగి బోర్డుకు మార్చి అమ్మాయి చదువు సాగించుకోగలదు. ఎఫ్ కొన్నవారికి ఆ వీలుండదు.