పైన్ అడవులు ఎండిపోవడానికి కారణం తగ్గిన చలా, ఆర్పేసిన కార్చిచ్చా?

తూర్పుకనుమ:
కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో 1990ల నుంచి పైన్ బెరడు పురుగు దాదాపు 1.8 కోట్ల హెక్టార్ల అడవిని పట్టి పీడించింది. చలి తగ్గడమే దీనికి మూలమని ఇక్కడ చాలామంది రాశారు. నేను ఒప్పుకోను. దశాబ్దాల తరబడి కార్చిచ్చును పుట్టిన చోటే ఆర్పేస్తూ రావడంతో ముదురు లాడ్జ్‌పోల్ పైన్ చెట్లు కొండల నిండా పేరుకుపోయాయి. ఈ పురుగు కోరుకునేది లావుపాటి ముదురు చెట్టునే. దానికి మేత సిద్ధం చేసి పెట్టింది మనుషులే.

చెట్టునీడ:
మేత విషయంలో మీ మాట నిజం. కానీ బ్రిటిష్ కొలంబియాలోనే ఉన్న చిల్కోటిన్ పీఠభూమిలో 1970లలో చెలరేగిన ఇదే పురుగు, 1980ల మధ్యలో విరుచుకుపడిన చలికి అణగిపోయింది; పైన్ చెట్లు మాత్రం అక్కడ ఇంకా మిగిలే ఉన్నాయి.

పట్టిన చెట్టు బెరడు ఒలిస్తే తల్లి పురుగు నిలువుగా తొలిచిన సొరంగం, దానికి అటూ ఇటూ బియ్యపు గింజంత తెల్లటి లార్వాలు కనిపిస్తాయి. శరదృతువులో వాటి ఒంట్లో గ్లిసరాల్ (ఒళ్లు గడ్డకట్టకుండా కాపాడే పదార్థం) మెల్లగా పోగవుతుంది కాబట్టి, నడి శీతాకాలంలో మైనస్ 40 డిగ్రీల దరిదాపుల దాకా అవి బతకగలవు. గ్లిసరాల్ చాలినంత చేరకముందే, అంటే అక్టోబరు, నవంబరుల్లోనే, మైనస్ 25 ప్రాంతపు చలి వస్తే గుంపులుగా చస్తాయి. అందుకే సగటు ఉష్ణోగ్రత చూసి తీర్పు చెప్పకూడదని నా గట్టి నమ్మకం. ఆ తొలిచలి వస్తోందా లేదా అన్నదే చూడాలి.

తూర్పుకనుమ:
అలాగైతే ఎండ పెరిగే కొద్దీ పురుగుకు మేలే జరగాలి కదా?

చెట్టునీడ:
అలా జరగదు. ఏడాదికి ఒక తరం పూర్తయి, వేసవి నడుమ పురుగులన్నీ ఒక్కసారిగా బయటికి వస్తేనే, చెట్టు కార్చే జిగురును తట్టుకుని దాన్ని లొంగదీసుకోగలవు. ఎత్తైన చల్లని చోట్ల ఒక తరానికి రెండేళ్లు పడుతుంది, అక్కడ వేడి వాటికి కలిసివస్తుంది. మరీ వెచ్చని చోట ఆ వరుస చెదిరి, విడివిడిగా వచ్చిన పురుగులు జిగురులో చిక్కుకుంటాయి.

ఇక మీ కార్చిచ్చు వాదన తేల్చలేని సంగతి ఒకటుంది. 2006లో ఈ పురుగులు గాలివాటున రాకీ పర్వతాలు దాటి, తూర్పున ఉన్న అల్బర్టా రాష్ట్రపు ఉత్తర భాగంలో పెద్దఎత్తున దిగాయి, ఆ తర్వాత జాక్ పైన్ అనే మరో రకం పైన్‌కూ పట్టాయి. అక్కడ పైన్ చెట్లు ఎప్పటినుంచో ఉన్నాయి. వాటిని అంతకాలం కాపాడినవి ఆ కొండలూ, ఆ చలీ.

తూర్పుకనుమ:
అల్బర్టా విషయంలో మీతో ఏకీభవిస్తాను. బ్రిటిష్ కొలంబియా లోపలి అడవుల్లో మాత్రం, ముదురు చెట్లు అంత దట్టంగా లేకపోతే నష్టం ఈ స్థాయికి చేరేది కాదనే ఇప్పటికీ అంటాను.