అమ్మ నిద్రమాత్రలు తమ్ముడు మింగుతున్నాడు, ఏం చెయ్యాలి?

కోట జంక్షన్ (విజయనగరం)
అమ్మకి నిద్ర పట్టట్లేదని డాక్టరు పదిహేను రోజులకి ఆల్ప్రాజోలం రాశారు. అమ్మ ఎప్పుడో మానేసింది. అదే చీటీతో తమ్ముడు రెండేళ్లుగా తెచ్చుకుంటున్నాడు, రోజుకి నాలుగైదు. పొద్దున్న పరుపు కింద షీట్లు దొరికితే చెత్తలో పడేశాను. వైద్యం ఎక్కడ? పోలీసు కేసవుతుందా? నాన్నకి తెలీదు.

ఇచ్ఛాపురం బోర్డర్
మాత్రలేగా, అదృష్టవంతులు. మా దగ్గర గంజాయి. ఒడిశా కొండల మీంచి దిగి హైవే ఎక్కేస్తుంది. బ్యాగు రైలెక్కిస్తే అయిదు వేలన్నారని మా వీధి కుర్రాడు ఒప్పుకున్నాడు. లోపల 22 కిలోలు! 20 దాటితే పదేళ్లకి తక్కువ పడదు. వాళ్ల నాన్న జీడితోట అమ్మి లాయరుకి పోశాడు.

మందుల షాపు 30 ఏళ్లు
చీటీ తేదీ చూడకుండా ఇచ్చినవాణ్ణి అనాలి ముందు. ఆల్ప్రాజోలం, నొప్పి మాత్ర ట్రమడాల్ షెడ్యూల్ హెచ్1 మందులు. ఎవరికి, ఏ డాక్టరు రాస్తే, ఎన్ని ఇచ్చామో వేరే రిజిస్టర్లో రాసి మూడేళ్లు దాచాలి. 2014 నుంచీ ఇదే రూలు. మా షాపులో చీటీ లేకుండా ఒక్క మాత్ర బయటికి పోదు.

కవిటి కొబ్బరి
ఒక్కటి కూడానా? నొప్పి మాత్రలు మా ఊళ్లో కిరాణా కొట్లోనే దొరుకుతాయి బాబూ. మా అమ్మ రోజూ రెండు వేసుకుంటేగానీ పీచు పనికి వెళ్లలేకపోయేది. ఇప్పుడు వారానికి రెండుసార్లు డయాలసిస్.

మందుల షాపు 30 ఏళ్లు
మీ ఉద్దానం వైపు కిడ్నీ జబ్బులకి మాత్రలే కారణమని ఎవరు తేల్చారండీ? నీళ్లన్నారు, సిలికా అన్నారు, ఎండన్నారు. ఏదీ తేలలేదు. మీ ఇంటి కథ తెచ్చి మా వ్యాపారం మీద పెట్టకండి.

కవిటి కొబ్బరి
కారణం అని నేనన్నానా? నొప్పి మాత్రలు రోజూ మింగితే కిడ్నీకి దెబ్బని మీ 30 ఏళ్లలో ఎవరూ చెప్పలేదా? కథట! సూదులు పొడిపించుకునేది మా అమ్మ, మీరు కాదు.

సోంపేట సత్తి
ముమ్మాటికీ నీళ్లే. లేకపోతే హిరమండలం రిజర్వాయరు నుంచి మంచినీళ్లకి అంత పైపు ఎందుకేస్తారు?

ఇచ్ఛాపురం బోర్డర్
పైపు వేస్తే రుజువైపోయినట్టేనా? ఏటి సత్తీ నువ్వు!

కోట జంక్షన్ (విజయనగరం)
అయ్యా, నేనడిగింది కిడ్నీల గురించి కాదు.

చీపురుపల్లి నర్సు
ఆ షీట్లు పారేసి తప్పు చేశారమ్మా. ఇన్నాళ్లు వాడి ఒక్కసారి ఆపితే ఫిట్స్ రావచ్చు, మా వార్డుకి అలా వచ్చినవాళ్లున్నారు. డాక్టరు చూసి వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించాలి. ఈరోజే మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. 14446కి ఫోన్ చేస్తే డీఅడిక్షన్ గురించి చెప్తారు, డబ్బులు పడవు. కేసు భయమా? వాడకం వరకే అయి, తనే చికిత్సకి వస్తే మత్తుమందుల చట్టం (ఎన్‌డీపీఎస్) 64ఏ సెక్షన్ కాపాడుతుంది. అమ్మినవాళ్లకి అది వర్తించదు.

మందుల షాపు 30 ఏళ్లు
ఫిట్స్ సంగతి నేనే చెప్దామనుకున్నాను.

కవిటి కొబ్బరి
మరి చెప్పలేదేం?

కోట జంక్షన్ (విజయనగరం)
చెత్తబండి వెళ్లిపోయింది. వాడి చేతులు వణుకుతున్నాయి, చెమటలు. నాన్నకి చెప్పేశాను, ఆటో వచ్చింది. పెద్దాసుపత్రికి వెళ్తున్నాం.

సోంపేట సత్తి
వెళ్లి రండి, ధైర్యంగా ఉండండి. బోర్డర్ గారూ, మీ ఊరి బోరునీళ్లు ఓసారి పరీక్ష చేయించి అప్పుడు మాట్లాడండి.