వజ్రం ‘కట్’ను తెలుగులో ఏమనాలి: కోతా, సానా, వాటమా?

డీటీపీ అక్క, హన్మకొండ:
అందరికీ నమస్తే. మా షాపుకు ఒక నగల దుకాణం కరపత్రం పని వచ్చింది. వజ్రాల కమ్మల బొమ్మ పక్కన వేసే ముక్కలు ఇంగ్లిష్‌లో ఇచ్చి, తెలుగు చేసి రేపటికల్లా ప్రూఫ్ పంపమన్నారు. ఫోన్లో వేసి చూస్తే ‘కోత: అద్భుతం’ అని వచ్చింది! కరెంటు కోతకు కితాబు ఇచ్చినట్టుంది. బరువు, రంగు, స్వచ్ఛత రాసేశాను. ఈ కట్ దగ్గరే ఆగిపోయాను. ఆకారం అందామంటే దానికి వేరే గడి ఉంది. కొంచెం టెన్షన్‌గా ఉంది, తొందరగా చెప్పండి.

సంస్కృతం సారు, వరంగల్:
సాన అని రాయమ్మా. సంస్కృతంలో శాణ, మనకు సాన. భర్తృహరి నీతిశతకంలో ‘మణిః శాణోల్లీఢః’ అని మొదలయ్యే శ్లోకం ఉంది. సానపట్టిన మణి, గెలిచి గాయపడ్డ వీరుడు, శరత్కాలంలో ఇసుక తిన్నెలు తేలిన నది, ఒక్క కళ మిగిలిన చంద్రుడు, అడిగినవారికి ఇచ్చి ఇచ్చి తరిగిపోయిన దాత... ఇలా చెప్పుకుంటూ పోయి ‘తనిమ్నా శోభంతే’ అంటాడు. తనిమ అంటే సన్నదనం. వీళ్లంతా చిక్కిపోవడం వల్లే శోభిస్తారట.

రిటైర్డ్ క్లర్కు, జనగామ:
సాన మన ఊరి పేరులోనే ఉంది కదా సార్, ఓరుగల్లు!

సంస్కృతం సారు:
అది ఒరగల్లు అన్నా, ‘ఒ’ పొట్టిది. బంగారం గీసి చూసే గీటురాయి. ఓరుగల్లు అంటే ఒంటి రాయి, అందుకే ఏకశిలానగరం. దీర్ఘం దగ్గర జాగ్రత్త.

అవుసుల ఇంటి అబ్బాయి, కరీంనగర్:
నేను సూరత్‌లో నాలుగేళ్లు వజ్రాల పని చేసి వచ్చాను. సారు చెప్పిన చిక్కడమే అసలు సంగతి. గుండ్రటి రాయి తీసేసరికి ముడిరాయిలో ఇంచుమించు సగం పోతుంది. బంగారంలో తరుగు అంటే కొనేవాళ్లు కొట్లాడతారు. వజ్రంలో మాత్రం తరుగుకు భయపడి చేసిన రాయే దండగ. బరువు మిగుల్చుకుందామని అడుగు లోతుగా వదిలేస్తారు, లేదా నడుము లావుగా ఉంచుతారు. కాగితం మీద క్యారెట్ ఉంటుంది, చెవిలో పెట్టుకుంటే చిన్నగా కనిపిస్తుంది. సరిగ్గా తీసిన ఒక క్యారెట్ గుండ్రటి రాయి దాదాపు 6.5 మిల్లీమీటర్ల వెడల్పు ఉండాలి.

కోహినూర్‌నే చూడండి. 1852లో లండన్‌లో మళ్లీ సానపడితే 186 క్యారెట్లది 105 చిల్లరకు దిగింది.

ఇక కట్ గ్రేడు. పైనుంచి పడ్డ వెలుగు కింది పలకలకు తగిలి, ఎదురు పలకకు తగిలి, మళ్లీ మన కంటికే రావాలి. అడుగు మరీ పల్చగా ఉంటే వెలుగు కిందికి కారిపోతుంది. లోపల తెల్లటి వలయం కనిపిస్తుంది, దాన్ని ఫిష్ ఐ అంటారు. మరీ లోతుగా ఉంటే నడుమ నల్లగా, మేకు తలలా కనిపిస్తుంది. టోల్కోవ్‌స్కీ అనే ఆయన 1919లోనే లెక్క కట్టి, పై వాలు 34.5 డిగ్రీలు, కింది వాలు 40.75 డిగ్రీలు ఉంటే మేలన్నాడు. వజ్రాలను పరీక్షించి గ్రేడు కాగితం ఇచ్చే జీఐఏ ల్యాబ్ 2006 నుంచి గుండ్రటి బ్రిలియంట్ రాళ్లకు ఎక్సలెంట్ నుంచి పూర్ దాకా ఐదు మెట్లు ఇస్తున్నది. తెల్లటి వెలుగు, రంగుల మెరుపు, కదిపితే వచ్చే తళుకు, వీటితో పాటు బరువు, గట్టిదనం, పాలిష్, సిమెట్రీ కూడా చూస్తారు.

దుకాణంలో స్పాట్ లైట్ కింద ఏ రాయైనా మెరుస్తుంది. ట్రేను గుమ్మం దగ్గరికి తెమ్మనండి.

రిటైర్డ్ క్లర్కు:
తళుకుకు మార్కులా! మనకు తళుకు అనగానే వేమన తట్టెడు రాళ్లే గుర్తొస్తాయి.

డీటీపీ అక్క:
తమ్ముడూ, ఒక డౌటు. కట్‌కు సాన అని రాస్తే పాలిష్‌కు ఏం రాయను? అదీ ఒక గడే. మా వీధిలో సైకిలు స్టాండు వేసి, పెడలు తొక్కుతూ కత్తెరలకు సానపెట్టే ఆయన వస్తాడు. రవ్వలు లేస్తాయి, అంచు పదునెక్కుతుంది. సాన అంటే అందరికీ అదే కళ్లముందుకు వస్తుంది.

అవుసుల ఇంటి అబ్బాయి:
వజ్రానికీ తిరిగే చక్రమే అక్కా. ఇనుప చక్రం మీద నూనె, వజ్రాల పొడి. పాలిష్‌కు మా ఇంట్లో మాట మెరుగు. సిమెట్రీకి పొందిక అనొచ్చు. కట్‌కు మాత్రం, సారు ఏమనుకోకపోతే, సాన చాలదు. సాన అన్నది చేసే పని. గ్రేడు ఇచ్చేది ఆ పని ఎట్లా కుదిరిందన్నదానికి. మా నాయన రాయిని చిమటాతో పట్టుకుని, కిటికీ వైపు తిప్పి, ‘వాటంగ లేదు బిడ్డా’ అని పక్కన పెట్టేవాడు. కొలతపట్టీ ఏమీ లేదు. కోణాలన్నీ ఆ ఒక్క మాటలో వచ్చేవి.

సంస్కృతం సారు:
వాటం! నాకు తట్టనే లేదు. సాన వాటం అంటే ఇంకా బాగుంటుందేమో.

డీటీపీ అక్క:
ప్రూఫ్‌లో ‘సాన వాటం: అత్యుత్తమం’ అని పెట్టి పంపాను. ఓనర్ ఫోన్ చేశాడు. ‘సాన అంటే పాత రాయికి మళ్లీ పాలిష్ చేసి అమ్ముతున్నామనుకుంటారమ్మా, కట్ అనే ఉంచు’ అన్నాడు. ఉంచాను. మెరుగు, పొందిక మాత్రం కొట్టేయలేదు, అవి అచ్చుకు వెళ్లాయి.