ఆకాశం నుంచే సిగ్నల్ వస్తుంటే అడవిలో టవర్ దేనికి?

కాజీపేట_జంక్షన్ · శనివారం, ఉదయం 9:10
2025 డిసెంబరు 24న శ్రీహరికోట నుంచి మన ఎల్‌వీఎం3 రాకెట్ ఒక అమెరికా కంపెనీ ఉపగ్రహాన్ని పైకి మోసుకెళ్లింది. పేరు బ్లూబర్డ్, బరువు ఆరు టన్నుల పైమాటే. మన జేబులోని మామూలు ఫోనుతో నేరుగా మాట్లాడటమే దాని పని. డిష్ అక్కర్లేదు, ప్రత్యేక ఫోను అక్కర్లేదు. అమెరికాలో టీ-మొబైల్ స్టార్‌లింక్ ఉపగ్రహాల సాయంతో 2025 జులైలోనే ఇలాంటి సేవ మొదలుపెట్టింది, నెలకు పది డాలర్లకు. మనం మాత్రం ఇంకా ఫలానా గూడేనికి టవర్ ఎప్పుడని అర్జీలు రాస్తున్నాం. పదేళ్లలో భూమ్మీద సిగ్నల్ లేని చోటు ఉండదని, అదీ ఇప్పటి రీఛార్జి ధరకే దొరుకుతుందని నా నమ్మకం. అలాంటప్పుడు అడవిలో ఇనుము పాతడం దండగ కాదా?

పోచమ్మమైదాన్ · 9:22
ముందు మా దుకాణం సెల్లార్‌లోకి సిగ్నల్ రప్పించండి. భూగోళం సంగతి తర్వాత చూద్దాం.

పాత_టెలిఫోన్ · 10:05
బాబూ, ఈ పాట నేను 1998లోనే విన్నాను. ఆ ఏడాది నవంబరులో మోటరోలా వారి ఇరిడియం సేవ మొదలైంది. ఎడారిలో నిలబడినా, సముద్రం మధ్యలో ఉన్నా ఫోను మోగుతుందన్నారు. ఖర్చు అయిదు వందల కోట్ల డాలర్లు. ఫోను ఒక్కటే మూడు వేల డాలర్లు, ఇటుకంత ఉండేది. పది నెలలు తిరగకముందే, 1999 ఆగస్టులో దివాలా. తర్వాత గ్లోబల్‌స్టార్ కూడా అదే దారి పట్టింది. ఎందుకంటే ఎడారిలో మనుషులు తక్కువ, ఉన్నవారి దగ్గర డబ్బులు ఇంకా తక్కువ. డబ్బున్నవారు నగరంలో ఉంటారు, అక్కడ టవర్ ఉంటుంది. ఈ చిక్కు రాకెట్ మారినంత మాత్రాన పోదు.

కాజీపేట_జంక్షన్ · 10:31
సార్, ఇరిడియం కాలం వేరు. 77 ఉపగ్రహాల భారం నెత్తిన పెట్టుకుని మునిగిపోయింది. ఇప్పుడు రాకెట్ మళ్లీ మళ్లీ వాడుతున్నారు, పంపే ఖర్చు పడిపోయింది. పైగా కొత్త ఫోను కొనాల్సిన పని కూడా లేదు.

పాత_టెలిఫోన్ · 10:48
77 కాదు, 66.

కాజీపేట_జంక్షన్ · 10:50
ఇరిడియం అనే మూలకం పరమాణు సంఖ్య 77. అందుకే ఆ పేరు పెట్టారు. కావాలంటే చూసుకోండి.

పాత_టెలిఫోన్ · 11:15
పేరు పెట్టినప్పుడు అనుకున్నవి 77. పైకి పంపేనాటికి లెక్క 66కు తగ్గింది. పేరు మాత్రం మార్చలేదు, ఎందుకంటే 66వ మూలకం డిస్ప్రోషియం, ఆ పేరుతో ఫోను ఎవరు కొంటారు? నేను టెలిఫోన్ శాఖలో ఉన్నప్పుడు కొత్త పిల్లలకు పాఠం చెబుతూ ఈ ముక్క చెప్పి నవ్వించేవాడిని. లెక్క సరిగా తెలియకుండా పదేళ్ల తర్వాతి భవిష్యత్తు చెబుతున్నారు మీరు.

కాజీపేట_జంక్షన్ · 11:20
పదకొండు ఉపగ్రహాల తేడాతో నా వాదన ఎలా పోతుంది సార్? పైగా మునిగింది కంపెనీ, ఉపగ్రహాలు కాదు. ఆస్తులన్నీ రెండున్నర కోట్ల డాలర్లకు కొన్నారు, ఇరిడియం ఇప్పటికీ నడుస్తోంది.

పాత_టెలిఫోన్ · 11:41
నడుస్తోంది, అమెరికా రక్షణశాఖ కాంట్రాక్టు పుణ్యమా అని. అంటే ప్రభుత్వం డబ్బు కట్టబట్టి బతికింది. ఈ మాట గుర్తుంచుకోండి, సాయంత్రానికి పనికొస్తుంది.

నర్సంపేట_మిర్చి · 12:02
మాకు సిగ్నల్ ఉంది, కరెంటు లేదు.

దుబాయి_జగిత్యాల · మధ్యాహ్నం 1:30
శుక్రవారం సెలవు నిన్ననే అయిపోయింది, డ్యూటీ విరామంలో రాస్తున్నాను. ప్రపంచమంతా చవకగా ఫోను అన్నారు కాబట్టి ఒక మాట. నేను ఉంటున్న గదిలో సిగ్నల్ నిండుగా ఉంది. జగిత్యాల దగ్గర మా ఊళ్లో అమ్మ ఫోనులోనూ గీతలన్నీ ఉన్నాయి. అయినా రెండు వారాలు మా అమ్మ గొంతు వినలేదు. ఎందుకో తెలుసా? ఇక్కడ వాట్సాప్ కాల్స్ పనిచేయనివ్వరు, అనుమతి ఉన్న వేరే యాప్‌లోనే మాట్లాడాలి. అమ్మది మీటల ఫోను, యాప్ ఉండదు. నేను మామూలు కాల్ చేద్దామంటే అమ్మ నంబరుకు 28 రోజులు నిండాయి, ఇన్‌కమింగ్ ఆగిపోయింది. ఆమె ఎవరికీ ఫోను చేయదు, ఎత్తడానికే ఉంచుకుంది. ఎత్తడానికి నెలకు రెండు వందలు! 2003లో ఇన్‌కమింగ్ ఉచితం అన్నప్పుడు ఊరంతా సంబరపడ్డాం. అది ఎప్పుడు ఎలా పోయిందో ఎవరైనా చెప్పండి అన్నా.

భద్రకాళి_చెరువు · 1:44
తమ్ముడూ, ఇక్కడి నుంచే ఫోనుపే చేయించు.

దుబాయి_జగిత్యాల · 1:46
చేయించాను అన్నా, చేయించిన తర్వాతే ఇది రాస్తున్నాను. గుర్తు పెట్టుకోవాల్సిన పని ఎవరిదన్నదే నా ప్రశ్న.

కాజీపేట_జంక్షన్ · 2:10
బాధ అర్థమైంది అన్నా, కానీ ఇది ధర సమస్య, కవరేజీ సమస్య కాదు. ఇక్కడి చర్చ వేరు.

పాత_టెలిఫోన్ · 2:25
ధరకూ కవరేజీకీ తేడా చెబుతున్న మీరు, శీర్షిక కింద 'ఇప్పటి రీఛార్జి ధరకే' అని రాసింది మరిచారా? పది డాలర్లంటే ఎనిమిది వందల రూపాయల పైమాటే. ఆ తమ్ముడి తల్లి రెండు వందలే కట్టలేకపోతోంది. 2018 చివర్లో కనీస రీఛార్జి పద్ధతి వచ్చింది, ఇన్‌కమింగ్ కథ అక్కడే ముగిసింది. 2024 డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ చెప్పాక, మాటలకు మాత్రమే పనికొచ్చే ప్యాకులు తెచ్చారు, 84 రోజులకు 450 చుట్టుపక్కల. తమ్ముడూ, అమ్మకు అది వేయించు.

దుబాయి_జగిత్యాల · 2:31
ఇది నాకు ఎవరూ చెప్పలేదు సార్. నమస్తే.

తాడ్వాయి_బడి · సాయంత్రం 5:20
బడి అయ్యాక గట్టెక్కితేనే నాకు మీ మాటలు కనిపిస్తాయి. పొద్దుటి నుంచి జరిగిందంతా ఇప్పుడే చదివాను. నేను తాడ్వాయి దాటాక అడవిలో ఒక గూడెం బడిలో పనిచేస్తాను. ఇక్కడ రెండు గీతలు దొరికే చోటు ఒక్కటే ఉంది, బడి వెనక గట్టు మీద మద్దిచెట్టు మొదట్లో. పిల్లల హాజరు కూడా అక్కడి నుంచే పంపుతాను. ఒక మామూలు ప్రసవం కేసుకు 108కి ఫోను చేయడానికి ఆ మొదట్లో నిలబడి పదకొండుసార్లు ప్రయత్నించాను.

రెండేళ్లకోసారి మేడారం జాతర వస్తుంది. ఆ నాలుగు రోజులకు కంపెనీలు చక్రాల మీద టవర్లు తెస్తాయి, కోటిమంది ఫోన్లు మోగుతాయి. సమ్మక్క వనప్రవేశం చేయగానే టవర్లు కూడా లారీలెక్కి వెళ్లిపోతాయి. ఇక్కడ టవర్ పెట్టడం సాధ్యం కాదని ఎవరైనా అంటే నాకు నవ్వొస్తుంది. సాధ్యమేనని రెండేళ్లకోసారి కళ్లారా చూస్తున్నాను.

కాజీపేట_జంక్షన్ · 5:34
పంతులు గారూ, మీ మాటే నా వాదనకు బలం. కంపెనీ జనం ఉన్న చోటికే వస్తుంది. ఉపగ్రహానికి జనంతో పని లేదు, కాజీపేట మీద ఎలా తిరుగుతుందో తాడ్వాయి మీదా అలాగే తిరుగుతుంది. నా సంగతి చూడండి, నగరంలో ఉండీ మా అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు నుంచి కిందికి సిగ్నల్ లేదు. 5జీకి డబ్బు కట్టి బాల్కనీలో నిలబడి మాట్లాడుతున్నాను. టవర్ల మీద నమ్మకం పోయింది.

పాత_టెలిఫోన్ · 5:50
ఎందుకు లేదు? పక్కన టవర్ లేదా?

కాజీపేట_జంక్షన్ · 5:52
పెడతామని వచ్చారు. రేడియేషన్ భయంతో సంఘం వారు వద్దన్నారు.

పాత_టెలిఫోన్ · 5:53
మీరు సంతకం పెట్టారా?

కాజీపేట_జంక్షన్ · 6:01
అందరూ పెట్టారు.

పోచమ్మమైదాన్ · 6:02
ఇక చాలు, నేను టీ పెట్టుకుంటాను.

పాత_టెలిఫోన్ · 6:30
బాగుంది. తన మేడ మీద టవర్ వద్దు, అడవిలో టవర్ దండగ, సిగ్నల్ మాత్రం ఆకాశం నుంచి ఊడిపడాలి! కొంచెం లెక్క చెబుతాను వినండి. మీ ఫోను బయటికి పంపే శక్తి వాటులో ఐదో వంతు. దాన్ని అయిదు వందల కిలోమీటర్ల పైనున్న ఉపగ్రహం వినాలి, అందుకే అంత పెద్ద యాంటెన్నా. ఆరుబయట నిలబడితే పనిచేస్తుంది. స్లాబు కింద కాదు, వానాకాలం టేకు ఆకుల కింద అనుమానమే. ఒక్కో కిరణం పదుల కిలోమీటర్ల మేర పడుతుంది, ఆ నేలంతా ఉన్నవారు ఒకే చిన్న గొట్టం పంచుకోవాలి. జాతరకు ఒకే ఆర్టీసీ బస్సు వేసినట్టు. సందేశాలకు సరిపోతుంది, అత్యవసరంలో అయితే దేవుడితో సమానం. ఊరు ఊరంతా వీడియోలు చూడటానికి కాదు. ఆపై అనుమతులు: మన దేశంలో అనుమతి లేని శాటిలైట్ ఫోను బ్యాగులో దొరికితే విమానాశ్రయంలోనే పట్టుకుంటారు. స్టార్‌లింక్‌కు 2025 జూన్‌లో లైసెన్సు వచ్చిందంటే అది డిష్ సేవకు. మామూలు ఫోనుకు నేరుగా ఇవ్వడం వేరే మాట.

కాజీపేట_జంక్షన్ · 6:58
సరే, మీ లెక్కకు నా లెక్క. 2022 జులైలో కేంద్రం సిగ్నల్ లేని 24,680 గ్రామాలకు 4జీ ఇవ్వడానికి 26,316 కోట్లు ఆమోదించింది. భాగించి చూడండి, గ్రామానికి కోటి దాటుతుంది. పాతిక ఇళ్ల గూడేనికి కోటి! ఈ డబ్బు ఎవరిది? రీఛార్జి చేసే నాలాంటి వారిది.

పాత_టెలిఫోన్ · 7:04
తప్పు. అందులోనే 2జీ, 3జీ ఉన్న 6,279 గ్రామాలను 4జీకి మార్చడం కూడా ఉంది. అంటే 30,959. గ్రామానికి 85 లక్షలు. పైగా ఐదేళ్ల నిర్వహణ కలిపి.

కాజీపేట_జంక్షన్ · 7:09
85 లక్షలు అయితే తక్కువా సార్? మళ్లీ అంకెల్లోకి దూరిపోయారు. సూటిగా అడుగుతున్నాను: ఆ డబ్బుతో ఆ పాతిక ఇళ్లను రోడ్డు పక్కకు తెచ్చి ఇళ్లు కట్టించవచ్చు. బడి, ఆసుపత్రి, సిగ్నల్ అన్నీ ఒకేసారి దొరుకుతాయి. ఎక్కడ ఉంటే అక్కడికి అన్నీ రావాలనడం ఎంతవరకు న్యాయం?

తాడ్వాయి_బడి · 7:15
మళ్లీ చెప్పండి.

తాడ్వాయి_బడి · 7:16
ఆ మాటే మళ్లీ చెప్పండి.

తాడ్వాయి_బడి · 7:29
చెప్పరు. నేనే చెబుతాను. ఇంతసేపూ మీరు మాట్లాడింది ఉపగ్రహం గురించి కాదు. మా ఊళ్లో మనుషులు అక్కడ ఉండటమే మీకు ఖర్చుగా కనిపిస్తోంది. మీరు కట్టే 199లో జీఎస్‌టీ పోగా కంపెనీకి చేరేది 168. దానిలో ఐదు శాతం గ్రామాల నిధికి పోతుంది. ఎనిమిది రూపాయల చిల్లర. నెలకు ఆ ఎనిమిది రూపాయలు గుర్తొచ్చి మమ్మల్ని ఊరు ఖాళీ చేయమంటున్నారు. ఈ అడవి అభయారణ్యం అయ్యాక దారికి అనుమతి, స్తంభానికి అనుమతి, టవర్‌కూ అటవీశాఖ అనుమతి. ఖాళీ చేయమనడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు!

కాజీపేట_జంక్షన్ · 7:40
నేను అలా అనలేదు. ఒకవేళ అన్నా, అలా అనుకోలేదు. కానీ మా నాన్నకు గుండెనొప్పి వచ్చిన రాత్రి లిఫ్టు దగ్గర ఫోను కలవలేదు. నాకూ చిరాకు ఉంటుంది.

దుబాయి_జగిత్యాల · 7:52
అందరికీ ఉంటుంది. పంతులు గారికి టవర్ కావాలి, మీకు ఉపగ్రహం కావాలి, ఎవరికి వారికి కావాల్సింది ఇంకొకరు కట్టాలి. మా అమ్మ రీఛార్జి మాత్రం నేనే కడుతున్నాను. ఆ ఎనిమిది రూపాయలు ఆమె దగ్గర కూడా తీసుకుంటున్నారని ఇప్పుడే తెలిసింది.

నర్సంపేట_మిర్చి · 7:58
మొబైల్ కంపెనీల ప్రపంచ సంఘం జీఎస్‌ఎమ్‌ఏ 2024 నివేదికలో మొబైల్ ఇంటర్నెట్ సిగ్నల్ అందనివారు 35 కోట్లు. సిగ్నల్ అందినా మొబైల్ ఇంటర్నెట్ వాడనివారు 310 కోట్లు. ఈ రెండో అంకె గురించి ఇక్కడ మాట్లాడింది దుబాయి అన్న ఒక్కడే.

పాత_టెలిఫోన్ · 8:10
నేను 2020 జనవరి 31న బీఎస్‌ఎన్‌ఎల్ నుంచి స్వచ్ఛంద విరమణ తీసుకుని ఇంటికి వచ్చాను, అదే రోజు దేశమంతటా డెబ్బై వేలకు పైగా మంది వచ్చారు. లాభం లేని ఎక్స్ఛేంజీలు మూసేయాలని అప్పుడూ ఇవే లెక్కలు చూపించారు. ఆ గదుల తాళాలు వేసినవాణ్ణి నేను. అందుకే అంకెలు తప్పితే ఊరుకోలేను, ఎవరేమనుకున్నా. పొద్దున చెప్పిన మాట మళ్లీ: ఇరిడియం బతికింది ప్రభుత్వం డబ్బు కట్టబట్టి.

కాజీపేట_జంక్షన్ · 8:26
పంతులు గారూ, రోడ్డు పక్కకు తేవాలన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. టవర్ మీద నా అభిప్రాయం మాత్రం మారలేదు. ఒకటి అడగవచ్చా? 2023 జులైలో జంపన్నవాగు పొంగి కొండాయి ఊరి మీద పడినప్పుడు మీరు అక్కడే ఉన్నారా?

తాడ్వాయి_బడి · 8:34
వాగుకు ఇవతల ఉన్నాను. కరెంటు పోయింది, ఆ గట్టు మీద రెండు గీతలు కూడా పోయాయి. టవర్ ఉన్నా బ్యాటరీ అయిపోయేవరకే కదా. మీరు ఎందుకు అడుగుతున్నారో తెలుసు. ఆ రాత్రి ఒక్క సందేశం పోయే దారి ఉంటే, అది ఎక్కడి నుంచి వచ్చినా తీసుకునేవాణ్ణి.

కాజీపేట_జంక్షన్ · 8:37
బడి ముందు ఆకాశం ఎంత కనిపిస్తుంది? చెట్లు ఏ వైపు ఉన్నాయి?

పాత_టెలిఫోన్ · 8:39
దక్షిణం వైపు ఎంత ఎత్తున్నాయో కూడా చూడండి.

కాజీపేట_జంక్షన్ · 8:40
సార్, దక్షిణం చూడాల్సింది ఆకాశంలో ఒకేచోట నిలిచినట్టుండే భూస్థిర ఉపగ్రహానికి. ఇవి తిరుగుతుంటాయి.

పాత_టెలిఫోన్ · 8:41
తెలుసు. అయినా చూడండి.

తాడ్వాయి_బడి · 8:44
రేపు పిల్లలతో కొలిపించి చెబుతాను. ఫోను ఏడు శాతంలో ఉంది, టార్చి వేసుకుని గట్టు దిగాలి.