అప్‌డేట్: షాపులో జారిపడ్డ అమ్మ క్లెయిమ్ సెటిల్ అయింది

షాపులో తడి నేల మీద జారి అమ్మ మణికట్టు విరిగింది, షాపు మీద పరిహారం క్లెయిమ్ నిలబడుతుందా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. సెటిల్ అయింది. సలహాలిచ్చినవాళ్లందరికీ థ్యాంక్స్.

బాగా పనికొచ్చింది, సీసీటీవీ ఫుటేజీ చెరిపేయకుండా ఉంచమని వెంటనే రాతపూర్వకంగా అడగమన్న మాట. పాత రికార్డింగ్ మీద కొత్తది ఎక్కేస్తుంది, ఆలస్యమైతే దొరికేది కాదు. ఫ్రిజ్ నుంచి నీళ్లు కారుతుంటే సిబ్బంది పక్కనుంచే నడిచి వెళ్లడం అందులో స్పష్టంగా ఉంది. వాళ్లకు ముందే తెలుసని చూపించడమే అసలు కీలకమన్నారు లాయర్. అమ్మ వేసుకున్న చెప్పుల వల్లే జారిందంటారేమోనని ఇక్కడ అంత వాదన జరిగిందా, వాటి సంగతి ఎవరూ ఎత్తనే లేదు!

షాపు తరఫు బీమావాళ్లు మొదట ఇస్తామన్న మొత్తానికి సంతకం పెట్టొద్దన్నారు లాయర్. పెడితే తర్వాతి ఫిజియోథెరపీ ఖర్చులు అడగడానికి ఉండదట. చికిత్స పూర్తయ్యాకే ఒప్పుకున్నాం, అవీ కలిశాయి.