దీపం పెట్టకూడని ఉగాది: సెలవు ఇంటికా, స్నేహితులతో బాలి ద్వీపానికా?

దేవరకొండ కోడలు (సింగపూర్):
2023 ఉగాది నుంచి మా ఇంట్లో తెగకుండా ఉన్న ఒక తగాదాను ఈ చర్చావేదికలోని పెద్దల ముందు, నా ఈడువాళ్ల ముందు పెడుతున్నాను. విదేశంలో ఉద్యోగం చేసుకుంటున్న దంపతులు, ఇంటికి రాగలిగిన సెలవులను స్నేహితులతో కలిసి ద్వీప విహారానికి వాడుకోవడం తప్పా, కాదా?

నా పుట్టినిల్లు నల్లగొండ, మెట్టినిల్లు దేవరకొండ. పెళ్లయినప్పటి నుంచి సింగపూర్‌లోనే ఉంటున్నాము. ఆ ఏడు మార్చిలో మిర్యాలగూడ జంట ఒకటి, జడ్చర్ల జంట ఒకటి, మేము, మొత్తం ఆరుగురం ఐదు రోజులు ఇండోనేషియాలోని బాలి ద్వీపానికి వెళ్లాము. టికెట్లు కొనేటప్పుడు ఆరుగురిలో ఒక్కరం కూడా పంచాంగం తిరగేయలేదు. మార్చి 22 మనకు ఉగాది అయితే, బాలి హిందువులకు అదే రోజు న్యెపి, అంటే వాళ్ల సంవత్సరాది. వాళ్లూ శక సంవత్సరాలే లెక్కపెడతారు కనుక మనం శోభకృత్ అని పిలుచుకున్న ఆ ఏడు వాళ్లకు కూడా శక 1945. అయితే మనం మామిడి తోరణం కట్టి పదిమందిని పిలుచుకునే రోజున వాళ్లు తలుపులు వేసుకుని మౌనంగా కూర్చుంటారు. ఉదయం ఆరు గంటల నుంచి మరునాడు ఉదయం ఆరు దాకా నిప్పు వెలిగించకూడదు, పని చేయకూడదు, బయటికి వెళ్లకూడదు, వినోదం కూడదు. ఆ ఇరవై నాలుగు గంటలూ విమానాశ్రయాన్నే మూసేస్తారు. మొబైల్ ఇంటర్నెట్ కూడా ఆపేస్తారు.

ముందురోజు సాయంత్రం మేము దిగిన ఉబుద్ అనే ఊరి వీధుల్లో ఒగో-ఒగో అనే రాక్షస బొమ్మలను భుజాల మీద మోసుకుంటూ డప్పులతో ఊరేగించారు; మన పీర్ల పండుగ గుర్తొచ్చింది. తెల్లవారేసరికి అదే వీధిలో కుక్కలు తప్ప ఏమీ లేవు. నడుముకు నలుపు తెలుపు గళ్ల గుడ్డ కట్టుకున్న పెచలాంగ్ అనే ఊరి కావలివాళ్లు ఇద్దరు మాత్రం అటూ ఇటూ తిరుగుతున్నారు. మేము అద్దెకు తీసుకున్న ఇంటి యజమానురాలు తలుపు సందులోంచి దేవగన్నేరు పూలు పెట్టిన తాటాకు బుట్ట ఇచ్చి, వైఫై కూడా ఆపేస్తున్నానని చేతులు జోడించి చెప్పి వెళ్లిపోయింది. మేము చింతపండు, బెల్లం, మామిడికాయతో పచ్చడి కలుపుకున్నాము; వేపపువ్వు లేదు. దానికి పొయ్యి అక్కరలేదు కదా అని నవ్వుకున్నాము కానీ, దేవుడి ముందు దీపం పెట్టకుండా గడిచిన ఉగాది నాకు అదొక్కటే.

అసలు సంగతి ఇది. మా ఆయన తన తల్లితో "సెలవు దొరకలేదమ్మా" అని చెప్పి బయలుదేరారు. మా అత్తమ్మ ప్రతి ఉగాదికి కొత్తకుండలో పచ్చడి కలిపి, గ్లాసును ఫోన్ తెర దగ్గరగా పట్టుకుని "తాగండి బిడ్డా" అంటుంది. ఆ రోజు ఉదయం తొమ్మిది నుంచి రాత్రి దాకా చేసినా ఫోన్ కలవలేదు. చివరికి మామయ్య మిర్యాలగూడ స్నేహితుడి నాన్నకు ఫోన్ చేస్తే, "మా వాళ్లతోనే బాలిలో ఉన్నారు కదా, మీకు చెప్పలేదా?" అని ఆయన అడిగారట. నాలుగు గంటల చిల్లర దూరంలో ఇల్లు, రెండున్నర గంటల చిల్లర దూరంలో బాలి అనే లెక్క అత్తమ్మ నోట ఇప్పటికీ వస్తూనే ఉంటుంది.

పాలమూరు పంతులు (మహబూబ్‌నగర్):
అమ్మా, మీరు అడిగారు కనుక దాపరికం లేకుండా చెబుతున్నాను, ఇది తప్పే. నేను విశ్రాంత ఉపాధ్యాయుణ్ని, నా ఇద్దరు కొడుకులూ విదేశాల్లోనే ఉన్నారు. పండుగనాడు హనుమంతుడి గుడి అరుగు మీద పంచాంగ శ్రవణానికి కూర్చున్న తండ్రిని, పక్కన కూర్చున్న ప్రతివాడూ "పిల్లలు రాలేదా సారూ?" అని అడుగుతాడు. "సెలవు దొరకలేదట" అని ఆ తండ్రి నలుగురికీ జవాబు చెబుతాడు. మీ అబద్ధాన్ని మీ మామయ్య ఆ రోజు ఎంతమందికి నిజమని చెప్పి ఉంటారో, మరునాడు అదే మనుషుల ముఖం ఎలా చూసి ఉంటారో ఒక్కసారి ఆలోచించండి. ద్వీపం చూడవద్దని నేను అనను. ఏడాదిలో యాభై రెండు వారాలు ఉండగా ఉగాది వారమే దొరికిందా? పంచాంగం చూడకుండా ఉగాది నాటికి ప్రయాణం పెట్టుకున్నామన్న మాటను మీరు తేలికగా రాశారు కానీ, నాకు మాత్రం మొత్తం కథలో ముల్లులా గుచ్చుకున్నది అదే.

జురాంగ్ నివాసి (సింగపూర్):
పంతులు గారి మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. ఇక్కడి ఉద్యోగ చట్టం ప్రకారం మొదటి ఏడు ఇవ్వవలసిన కనీస వార్షిక సెలవు ఏడు రోజులు. ఏడాదికొకటి చొప్పున పెరిగి ఎనిమిదో ఏటికి పద్నాలుగు అవుతుంది. చాలా కంపెనీలు అంతకంటే ఎక్కువే ఇస్తాయి, అయినా అవి వేళ్ల మీద లెక్కపెట్టేవే. ఏడాదిలో ప్రభుత్వ సెలవులు పదకొండు. వాటిలో దీపావళి ఉంది, ఉగాది లేదు.

ఇక ఇంటికి వచ్చే పది రోజులు ఎలా గడుస్తాయో నా కిందటి ప్రయాణం చెబుతుంది. మూడు రోజులు భూమి కాగితాల కోసం తిరిగాను. రెండు రోజులు, మేము వెళ్లలేకపోయిన పెళ్లిళ్ల ఇళ్లకు బట్టలు పట్టుకుని వెళ్లాము. ఒక రోజు నాన్నకు కంటి పరీక్ష, ఒక రోజు చెర్వుగట్టు మొక్కు. మిగిలిన రోజుల్లో మా అత్తవారింట్లో, మా ఇంట్లో ఎక్కడ ఎన్ని పూటలు తిన్నామన్న పంచాయితీ. తిరుగు విమానంలో కూర్చున్నాక మా ఆవిడ, "మనం ఇద్దరమే మాట్లాడుకుని ఎన్ని రోజులైందో" అన్నది. ఇంటికి రావడం బాధ్యత, నేను కాదనను, కానీ దాన్ని విశ్రాంతి అనుకోమంటే మాత్రం ఒప్పుకోలేను.

స్నేహితుల సంగతి కూడా చెప్పాలి. మా పాప పుట్టినప్పుడు అమ్మకు వీసా అందేసరికి పన్నెండు రోజులు పట్టింది. అన్ని రోజులూ వెల్లుల్లి కారం, పథ్యం అన్నం డబ్బాలో పెట్టుకుని రైలెక్కి వచ్చింది వనపర్తి స్నేహితుడి భార్య. వాళ్లతో ఐదు రోజులు సముద్రం ఒడ్డున గడిపితే ఇంటిని మరిచినట్టని అంటే ఎలా?

కొల్లాపూర్ పంచాంగం:
తగాదాలోకి నేను దిగను కానీ ఒక సవరణ. న్యెపి, ఉగాది ప్రతి ఏటా కలిసి రావు. రెండూ అమావాస్యను పట్టుకుని వచ్చేవే అయినా అధిక మాసాలు వేసే పద్ధతి వేరు. 2024లో న్యెపి మార్చి 11న వస్తే ఉగాది ఏప్రిల్ 9న వచ్చింది. 2025లో న్యెపి మార్చి 29, ఉగాది మార్చి 30. బాలి టికెట్లు కొనేవాళ్లు రెండు పంచాంగాలూ చూసుకోవడం మంచిది. 2024 ఫిబ్రవరి నుంచి అక్కడికి వచ్చే విదేశీయుల దగ్గర మనిషికి లక్షా యాభై వేల రుపియాల రుసుము కూడా తీసుకుంటున్నారు. సున్నాలు చూసి జడుసుకోవద్దు, మన లెక్కలో వెయ్యికి లోపే.

మక్తల్ బిడ్డ:
పంతులు గారూ, మీరు చెప్పిన అరుగు మీద కూర్చునే తండ్రులు ఒక రకం. మా నాన్న ఇంకో రకం. గుంపు మేస్త్రీ దగ్గర ముందే పైసలు తీసుకుని బొంబాయికి కట్టడపు పనికి పోయిన పాలమూరు మనిషి ఆయన. ఉగాదికి రావాలంటే మేస్త్రీ పంపాలి, తీసుకున్న పైసలు తీరాలి. అమ్మ కూడా ఆయనతోనే పోయేది, మేము నానమ్మ దగ్గర ఉండేవాళ్లము. ఇరవై ఏళ్లు ఆ ఊళ్లో ఉన్నారు కదా, సముద్రం ఎలా ఉంటుందని నేను చిన్నప్పుడు అడిగితే, ఆయన కాసేపు ఆలోచించి, పదో అంతస్తు పరంజా మీద నుంచి దూరంగా ఒక బూడిదరంగు గీత కనబడేదని చెప్పారు. ఒడ్డుకు వెళ్లడానికి ఆయనకు ఒక్క ఆదివారం కూడా దొరకలేదు.

నాకు ఉద్యోగం వచ్చి, పెళ్లయ్యాక స్నేహితులతో అండమాన్ వెళ్తున్నానని చెబితే ఆయన అడిగింది ఒక్కటే, "పైసలు సరిపోతాయా?" అని. కనుక ఊరి పెద్దలందరూ పిల్లల విహారాన్ని తప్పుపడతారని అనుకోవద్దు. అయితే ఆయన అలా అడగగలిగింది నేను ముందుగా చెప్పినందుకే. అక్కా, మీ ఆయన ఎందుకు చెప్పలేకపోయారో మీరు రాయలేదు.

దేవరకొండ కోడలు:
మక్తల్ తమ్ముడు పట్టుకోవలసిన చోటే పట్టుకున్నాడు, నేను కావాలనే దాటవేశాను. 2019లో ఇదే మిత్రులతో మలేషియాలోని లంకావీ దీవికి వెళ్లేటప్పుడు మేము నిజమే చెప్పాము. మామయ్య తిట్టలేదు, వద్దని కూడా అనలేదు. తరవాత రెండు నెలల పాటు మా ఆయన ఫోన్ చేస్తే "అమ్మకిస్తున్నా" అని చేతులు మార్చేవారు, అంతే. అప్పటి నుంచి మా ఆయనకు నిజం చెప్పడం కంటే సెలవు దొరకలేదనడమే తేలికైంది. ఇది సమర్థన కాదు. పంతులు గారు రాసిన అరుగు సంగతి చదివాక రాత్రి నేను చాలాసేపు పడుకోలేకపోయాను. ఎందుకంటే మామయ్య ఆ ఏడు నుంచి పంచాంగ శ్రవణానికి వెళ్లడం మానేశారు, మోకాళ్ల నొప్పులని మేము అనుకున్నాము.

జురాంగ్ అన్న మాటలతో మా ఆయన పూర్తిగా ఏకీభవిస్తున్నారు, నేను సగం ఏకీభవిస్తున్నాను.

పాలమూరు పంతులు:
రెండు నెలలు కొడుకుతో మాట్లాడకపోవడం మీ మామయ్య చేసిన తప్పు. నేనూ ఒకసారి అలా చేశాను కనుక గట్టిగానే చెబుతున్నాను. ఉగాది వారం గురించి మాత్రం నా మాట మార్చుకోను.

దేవరకొండ కోడలు:
మార్చుకోవద్దు సార్. వచ్చే డిసెంబరులో మళ్లీ ఆరుగురం కలిసి వెళ్దామని మిత్రులు అడుగుతున్నారు, టికెట్లు ఇంకా కొనలేదు. వెళ్లి వచ్చాక చెబుదామని మా ఆయన అంటున్నారు. ఈ ఆదివారం నేనే ఫోన్ చేసి, అత్తమ్మకు కాకుండా నేరుగా మామయ్యకే చెబుతాను. ఫోన్ చేతులు మారుతుందో లేదో వచ్చి ఇక్కడే రాస్తాను.